రేవు హీరో గొంతు

బంద్ ఉన్న రోజే హాస్టల్లో సినిమా. ఈ రూలు ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు గానీ, ఆ ఏడాది క్యాంపస్‌లో బంద్ లేని వారం ఎక్కడ ఏడ్చింది కనుక! తెలంగాణ కావాలని పొద్దున ఆర్ట్స్ కాలేజీ ముందు మీటింగు. అక్కణ్ణించి ఎన్‌సీసీ గేటు దాకా ర్యాలీ. గేటు దగ్గర ముళ్ళకంచె, దాని వెనక పోలీసులు, ఆ వెనక టియర్ గ్యాస్. మధ్యాహ్నానికి కళ్ళు మండుతూ, గొంతులు బొంగురుపోయి పిల్లలు హాస్టలు చేరేసరికి మెస్సుకు తాళం. క్లాసుల్లేవు, కూడు లేదు. ఇక మిగిలింది కింది అంతస్తులో టీవీ గది. అందులో ఒక డొక్కు టీవీ, దాని నెత్తిన ఒక డీవీడీ ప్లేయరు, ప్లేయరులో ఎప్పుడూ ఒకటే డిస్కు.

కోఠిలో ఫుట్‌పాత్ మీద కొన్న చైనా సినిమా అది. మాటలు చైనావే, కింద పడే అక్షరాలూ చైనావే. అయినా కథ అర్థం కావడానికి భాషతో పనేముంది? ఒక నది, నది ఒడ్డున చాకిరేవు, ఆ రేవులో బట్టలుతుక్కునే ఆరుగురు. అందులో అందరికన్నా బక్కవాడు హీరో. ఊళ్ళో మిల్లు నడిపే సేటు కన్ను ఆ రేవు మీద పడుతుంది. సేటుకు ఒక వాలీబాల్ జట్టు కూడా ఉంది. "నా జట్టును ఓడిస్తే రేవు మీది, ఓడితే మూటాముల్లె సర్దుకోండి" అంటాడు. వీళ్ళకు బంతి పట్టుకోవడమే రాదు. ముందు చాలాసేపు బంతి మొహాన పడుతుంది, నెత్తిన పడుతుంది, ఒకసారి ఏకంగా బట్టల కాగులో పడి ఉడుకుతుంది. ఆ తర్వాత ఒక ముసలి గురువు వచ్చి, "పిచ్చివాళ్ళారా, మీరు రోజూ బండకేసి కొట్టే దెబ్బే కుంగ్‌ఫూ" అని చూపిస్తాడు. ఇక చూడాలి! జాడించే నడుము, పిండే చెయ్యి, బాదే భుజం అన్నీ బంతి మీదికొస్తాయి. హీరో గాల్లోకి లేచి బంతిని కొడితే అవతలి జట్టు కోర్టుతో సహా వెనక్కి జరుగుతుంది.

ఇదేం సినిమారా, బంతికి నిప్పంటుకోవడమేంటి అని మొహం చిట్లించే పెద్దమనుషులు ఉంటారు. ఉండనివ్వండి. పొద్దున లాఠీ దెబ్బ తిన్నవాడికి తెలుస్తుంది దాని రుచి. ఇలాంటి సినిమాలో ఓడేవాడు ముందు తన మీద తానే నవ్వుకుంటాడు. అలా నవ్వుకున్నవాణ్ణి ఎదుటివాడు నవ్వి ఏం చేయగలడు? చివరికి వాణ్ణి గెలిపించే విద్య ఏ కాలేజీలోనూ నేర్చుకున్నది కాదు, ఇంట్లో అమ్మానాన్నల చేతిలో ఉన్నదే. మన పనికిమాలిన పనే మన అస్త్రం అవుతుందని ఏ మీటింగులోనూ ఎవరూ అంత బాగా చెప్పలేదు. అందుకే ఆ డిస్కు గీతలు పడి ఆగిపోతున్నా, దాన్ని చొక్కాకు తుడిచి మళ్ళీ పెట్టేవాళ్ళు.

ఆ సినిమాకు మాటలిచ్చింది కమలాకర్. జనగామ దగ్గర పల్లె, రైతు కుటుంబం, ఎమ్మే చరిత్ర. ఒకరోజు టీవీలో సౌండు పోతే, ఊరికే ఉండలేక టీవీ పక్కన బకెట్ బోర్లించుకుని కూర్చుని తనే మాట్లాడటం మొదలుపెట్టాడు. హీరోకు తనే, గురువుకు తనే, సేటుకు తనే, కుక్క అరిస్తే కుక్కకూ తనే. సౌండు బాగుపడ్డాక కూడా పిల్లలు సౌండు పెట్టనివ్వలేదు.

దానికి కారణం లేకపోలేదు. తెలుగు సినిమాలో ఈ పిల్లల భాష మాట్లాడేదెవరు? సందు మొగలో హీరోయిన్ని ఏడిపించి చెంపదెబ్బ తినేవాడు. తాగి మురిక్కాలవలో పడేవాడు. విలన్ పక్కన కత్తి పట్టుకుని నిలబడేవాడు. హీరో నోరు తెరిస్తే మాత్రం కోస్తా మాటే. కమలాకర్ నోట రేవు హీరో జనగామ మాట మాట్లాడాడు. ఆటకు ముందు సేటు ఎగతాళి చేస్తే, హీరో తడిచేతులు లుంగీకి తుడుచుకుంటూ చెప్పే మాట ఒకటుంది. దానికి గది మొత్తం లేచి నిలబడేది.

"ఓడుడు మాకు కొత్తనా సేటూ? పుట్టినకాడికెళ్ళి ఓడుతనే ఉన్నం. గెలుసుడే కొత్త. గది నేర్చుకుందామనే వచ్చినం."

ఇక సేటుకు కమలాకర్ పెట్టింది గోదావరి మాట. "ఏవయ్యోయ్, రేవు మీదంటారేవిటయ్యా? కాయితాలేవన్నా ఏడిశాయా?" అని ముక్కుతో సాగదీస్తే పిల్లలు కడుపు పట్టుకునేవాళ్ళు. అందరికంటే గట్టిగా నవ్వేది గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చున్న శశిభూషణ్. వాళ్ళది భీమవరం వైపు. తండ్రి బ్యాంకు ఆఫీసరు, శశి పుట్టకముందే వచ్చి తార్నాకలో ఇల్లు కట్టుకున్నారు. కమలాకర్ క్లాసే. "ఒరేయ్, అచ్చం మా నాన్నలా చెప్పావురా!" అని కళ్ళు తుడుచుకునేవాడు.

బయట ఆంధ్రోళ్ళు గో బ్యాక్ అని గోడల మీద రాతలు రాస్తున్న రోజుల్లో ఆ గదిలో శశిని ఎవరూ పరాయివాడిగా చూడలేదు. చూసే వీలు లేదు కూడా. మెస్సు మూసిన రోజున కమలాకర్‌ను రెక్క పట్టుకుని ఇంటికి లాక్కెళ్ళేవాడు. వాళ్ళమ్మ విశాలాక్షి గారు ఏమీ అడగకుండా కంచం పెట్టేది. "మీ ఉద్యమం మీది బాబూ. ఆకలికి ఉద్యమం ఏంటి, ఇంకాస్త పప్పు వేసుకో" అనేది. ఆవిడ చేతి ముద్దపప్పు తిని తిని కమలాకర్ ఆమెను అమ్మా అనే పిలిచేవాడు.

అలాంటి శశి ఒక సాయంత్రం రొప్పుకుంటూ వచ్చాడు. "ఒరేయ్, మా అచ్యుతరామయ్య మావయ్య మన రేవు సినిమా కొన్నాడు! తెలుగు రైట్స్. హాల్లో రిలీజ్ చేస్తాడట. నీ గురించి చెప్పా. హీరోకి నీ గొంతే!"

ఆ మేనమామ తార్నాకలోనే ఒక అపార్టుమెంటు సెల్లారులో డబ్బింగ్ థియేటర్ నడుపుతాడు. కమలాకర్ నమ్మలేదు. "మా మాటల్లనా? హీరోకా?"

"మీ మాటల్లోనే."

"ఒట్టు?"

"అమ్మ మీద ఒట్టురా బాబూ!"

ఆ మాట విని హాస్టల్ హాస్టలంతా ఊగిపోయింది. ఊగనిది బిక్షం ఒక్కడే. సూర్యాపేట దగ్గర ఊరు వాడిది. తండ్రి పోచయ్య ఇప్పటికీ రేవులో బట్టలుతుకుతాడు. ఆ సినిమాను వాడు చూసినట్టు ఇంకెవరూ చూడలేదు. బట్ట బండను తాకేటప్పుడు ఊపిరి ఎలా వదలాలో కమలాకర్‌కు నేర్పింది వాడే. "అట్ల గాదుర, కడుపుల కెళ్ళి రావాలె. ఇస్సో! గిట్ల." అప్పట్నుంచి హీరో ప్రతి దెబ్బకూ ఇస్సో అనేవాడు.

బిక్షం అడిగాడు. "నిజంగనే హీరో మన తీర్గ మాట్లాడ్తడా? ఒక్కటి రెండు మాటలేనా?"

"సిన్మా అంతటరా."

"అయితే మా నాయినను తోల్కొస్త. ఊర్ల ఎవడో ఒకడు ఆయన్ను రోజు ఎక్కిరిస్తనే ఉంటడు. రేవోడు హీరో అయిండని ఒక్కసారన్న ఇనాలె." కమలాకర్ వాడి భుజం మీద చెయ్యి వేసి, "నాది జిమ్మ" అన్నాడు, పూచీ తనదే అన్నట్టు. ఆ మాట ఎంత పెద్దదో ఆ క్షణాన అతనికి తెలియలేదు.

సెల్లారులో గోడలకు బొంతలు కొట్టి ఉన్నాయి. ఒక మైకు, ఎదురుగా టీవీ, అద్దం అవతల అచ్యుతరామయ్య, పక్కన శశి. "ముందు ట్రాక్ చెప్పేసెయ్ బాబూ" అన్నాడు అచ్యుతరామయ్య. ట్రాక్ అంటే కొలతకు చెప్పే మాట, పెదాలకు సరిపోతుందో లేదో చూసుకోవడానికి. "అన్ని పాత్రలకీ నువ్వే చెప్పు, హాస్టల్లో ఎలా చెబుతావో అచ్చం అలాగే. ఆనక మిగతావాళ్ళకి వేరేవాళ్ళని పెట్టుకుంటాం. హీరో ఎలాగూ నీదే, మళ్ళీ పిలిచి చెప్పిస్తాం."

కమలాకర్ చెప్పాడు. చెప్పడమంటే చెప్పడం కాదు, చెమటలు కారి చొక్కా తడిసిపోయింది. ఇస్సో అన్న ప్రతిసారీ పోచయ్యను తలుచుకున్నాడు, ఆయన్ని చూడకపోయినా. అచ్యుతరామయ్య అద్దం వెనక పడీ పడీ నవ్వాడు.

సేటు వచ్చాడు. కారు దిగి రేవు వైపు నడిచాడు. ముక్కుతో సాగదీయబోయి కమలాకర్ ఆగిపోయాడు. హాస్టల్లో అంటే నలుగురి మధ్య నవ్వులాట. ఇది హాల్లో ఆడుతుంది. విశాలాక్షమ్మ చూస్తుంది. తన ఇంటి మాట విలన్ నోట, అదీ తన కంచంలో తిన్న పిల్లాడు పెట్టిన మాటగా వింటుంది. ఛ, తిన్నింటి వాసాలు లెక్కపెట్టినట్టు ఉండదూ! కమలాకర్ మనసు ఒప్పలేదు. చిన్నప్పుడు ఊళ్ళో చూసిన ఒక దుర్మార్గపు పటేలు గుర్తుకొచ్చాడు. సేటుకు ఆ పటేలు మాట పెట్టేశాడు.

శశి అద్దం తలుపు తోసుకుని వచ్చాడు. "ఏంట్రా, సేటు మా భాషలో కదా మాట్లాడతాడు?"

"హాస్టల్ల అంటే నడుస్తదిరా. సిన్మల అమ్మ ఇంటది. మంచిగుండదు."

శశి తల దించుకుని లోపలికి వెళ్ళాడు. అద్దం వెనక అచ్యుతరామయ్య అతని చెవిలో ఏదో అని నవ్వాడు. శశి నవ్వలేదు. అది కమలాకర్ చూశాడు కానీ, చూసి ఊరుకున్నాడు. నమ్మినవాడి మొహంలో ఎవరు వెతుకుతారు?

తర్వాత నెలలు గడిచాయి. హాస్టల్లో అందరూ అడిగేవాళ్ళు, కమలాకర్ శశిని అడిగేవాడు. హీరోకు మళ్ళీ చెప్పాలన్నారు కదా, ఎప్పుడు రమ్మంటారు? "ట్రాకే అంత బాగా వచ్చింది, మళ్ళీ ఎందుకన్నాడు మావయ్య" అనేవాడు శశి. "మిక్సింగ్ అవుతోంది. నేనున్నా కదరా, నువ్వు నిశ్చింతగా ఉండు." కమలాకర్ నిశ్చింతగానే ఉన్నాడు. ర్యాలీల్లో నడిచాడు, తార్నాక రోడ్డు మీద వంటావార్పులో పొయ్యి ఊదాడు, పోలీసుల నుంచి పరిగెత్తాడు. ఏం చేస్తున్నా లోపల ఒక మూల ఆ సంతోషం అలాగే వెలుగుతూ ఉండేది.

'పిడుగుబంతి' అని పేరు పెట్టి తార్నాక హాల్లో వదిలారు. రిలీజ్ పనులున్నాయని శశి రాలేదు. హాస్టల్ మాత్రం మ్యాట్నీకి నడుచుకుంటూ కదిలింది, ర్యాలీ అనుకుని చౌరస్తాలో పోలీసులు లేచి నిలబడేంత మంది. పోచయ్య పొద్దున బస్సుకే వచ్చాడు. తెల్లటి ధోవతి, కొత్త తువ్వాల. జీవితమంతా ఊరి బట్టలు తెల్లగా చేసినవాడు కదా, తనవి మరీ తెల్లగా ఉన్నాయి. ఆయనను కొడుకుకూ కమలాకర్‌కూ మధ్య కూర్చోబెట్టారు.

లైట్లు ఆరాయి. తెర మీద నది. నది మీద పొగమంచు. మంచులోంచి ఒక్కసారిగా, హాలు గోడలు అదిరేలా వినిపించింది.

"ఇస్సో! ఇస్సో!"

కమలాకర్ గొంతు! ఈలలు, చప్పట్లు, ఎగిరిన కండువాలు. పోచయ్య నిటారుగా కూర్చున్నాడు. "అరె! మన రేవే గదనే!" అన్నాడు కమలాకర్ మోకాలు తట్టి. కమలాకర్‌కు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

హీరో నడుం ఎత్తాడు. చెమట తుడుచుకున్నాడు. నోరు తెరిచాడు.

"ఏంటి గురూ, పొద్దున్నే ఇంత చలేస్తోంది?"

ఎవరిదో గొంతు. నెయ్యి పోసి నున్నగా దువ్విన గొంతు. కమలాకర్‌కు మొదట అర్థం కాలేదు. ఇంకో పాత్రేమో అనుకున్నాడు. కాదు, పెదాలు హీరోవే. తెర మీద హీరో మాట్లాడుతూనే ఉన్నాడు, ప్రతి మాటా కమలాకర్ కట్టిన మాటే, ప్రతి జోకూ అతనిదే. వాటికి ఒళ్ళు తోమి, తల దువ్వి, వేరే వాళ్ళింటి బట్టలు తొడిగారు.

అప్పుడు కారు వచ్చింది. సేటు దిగాడు, పాన్ ఉమ్మాడు.

"ఏందిరా? రేవు మీ అయ్య జాగీరా? ఈపులు పగుల్తయి బిడ్డా!"

ఇదీ కమలాకర్ గొంతే. ట్రాక్‌లో చెప్పిందే, ముక్కలు చేయకుండా, మార్చకుండా, అతనిదే. హాలు పగలబడి నవ్వింది. బాల్కనీలోంచి ఎవరో "సేటు అదరగొట్టాడ్రా" అని అరిచారు. హాస్టల్ పిల్లలు కూర్చున్న వరసల్లో మాత్రం చప్పుడు లేదు. ఆ వరసల్లో ఒక్కో తలా కమలాకర్ వైపు తిరగడం చీకట్లోనే తెలిసింది. తిరగనిది బిక్షం తల ఒక్కటే.

ఆటకు ముందు ఆ మాట వచ్చింది. హీరో లుంగీకి చేతులు తుడుచుకున్నాడు. "ఓడిపోవడం మాకు కొత్తేం కాదండీ సేటు గారూ! పుట్టినప్పట్నుంచీ ఓడుతూనే ఉన్నాం. గెలవడమే కొత్త. అది నేర్చుకుందామనే వచ్చాం." హాలంతా చప్పట్లు. హీరో ఎగిరి కొట్టాడు. ఇస్సో! అది మళ్ళీ కమలాకర్‌దే. మూలుగులూ ఊపిరీ మార్చే శ్రమ ఎవరూ తీసుకోలేదు. కష్టం అతనిది ఉంచుకుని మాట తీసేశారు.

ఆట మధ్యలో ఇంటర్వెల్ పడింది. పిల్లలు లేచి అతన్ని దాటుకుంటూ బయటికి నడిచారు. "అమ్ముడువోయిండు" అన్నారెవరో, పేరు పెట్టకుండా. పోచయ్యకు ఇవేవీ తెలియవు. అమాయకంగా అడిగాడు. "సిన్మా మంచిగనే ఉన్నది గని బిడ్డా, ఆ సేటుగాడు మన తీర్గ మాట్లాడ్తడేంది? ఆడు మనోడా?"

బిక్షం తన తండ్రి చెయ్యి పట్టుకుని లేపాడు. అప్పుడు మొదటిసారి కమలాకర్ మొహంలోకి చూశాడు.

"నీకెరుకనా?"

"లేదురా. అవ్వతోడు, నాకెర్కలేదు. హీరోకు నేనే చెప్పిన..."

"హీరో ముచ్చట ఇడిసిపెట్టు. సేటు మాట చెప్పింది నువ్వే గద. మన మాట ఆనికి పెట్టుమని ఎవలన్న నీ మెడ మీద కత్తి పెట్టిండ్రా?"

ఏం చెప్తాడు? ఒక ఇంటి అన్నం గుర్తొచ్చి అలా చేశానని చెప్పాలా? ఆ సమయాన ఆ మాట ఎవడు నమ్ముతాడు? కమలాకర్ తల దించుకున్నాడు. బిక్షం తన తండ్రిని తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ ముసలాయన గుమ్మం దాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు. గెలిచే ఆట ఇంకా మిగిలే ఉంది.

కమలాకర్ నేరుగా శశి ఇంటికి వెళ్ళాడు. తలుపు తీసింది విశాలాక్షి గారే. మొహమంతా నవ్వు.

"రా బాబూ రా! పొద్దున ఆటకే వెళ్ళొచ్చాం. నీ గొంతు ఇట్టే గుర్తుపట్టేశాననుకో. ఆ రౌడీ సేటుకి ఎంత బాగా చెప్పావయ్యా! మీ అంకుల్ నవ్వలేక దగ్గొచ్చి చచ్చారు. కూర్చో, వడ్డిస్తాను" అంటూ వంటింట్లోకి వెళ్ళింది.

శశి గదిలోంచి వచ్చాడు. కమలాకర్ కూర్చోలేదు.

"నీకు ఎప్పుడెర్క?"

"ఏది?"

"తమాషా చెయ్యకు. హీరోకు నా గొంతు తీసేస్తరని నీకు ఎప్పుడెర్క?"

శశి కిటికీ వైపు చూశాడు. "మొదట్నుంచీ తెలుసు. హీరోకి ఆ యాస పెడితే బెజవాడ అవతల ఎవరూ కొనరన్నాడు మావయ్య. కానీ నీ జోకులు కావాలి. నీకు ముందే చెబితే రావు కదా."

"అందుకని అమ్మ మీద ఒట్టు పెట్టినవా?"

"ఒరేయ్, కామెడీ సినిమా రా అది! బంతికి నిప్పంటుకునే సినిమా. దానికింత రాద్ధాంతం ఏంటి? నీ గొంతుంది కదా అందులో."

"సేటుకు."

"సేటుకి ఆ భాష పెట్టమని నేనడిగానా? నువ్వే పెట్టావు." శశి అక్కడితో ఆగి ఉంటే బాగుండేది, ఆగలేదు. "మావయ్య ఆ రోజే అన్నాడు, కుర్రాడు మన పని సుళువు చేసేశాడ్రా అని. నువ్వు వాడికి మా భాష పెట్టుంటే అదీ మార్చాల్సొచ్చేది."

తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే. కత్తి కనబడదు, నెత్తురు రాదు. తన మర్యాదనే గుడ్డగా చుట్టి కోశారు. అద్దం వెనక ఆ నవ్వు ఇప్పుడు అర్థమైంది. ఆ రోజు తల దించుకుని వెళ్ళిన శశికి బయటికొచ్చి ఒక్క మాట చెప్పడానికి ఎన్ని నెలలు దొరికాయి! ఎన్నోసార్లు పక్కనే కూర్చుని తిన్నాడు, ఒక్కటంటే ఒక్క మాట చెప్పలేదు.

"నేనూ నవ్వాను కదరా మీ గదిలో" అన్నాడు శశి, గొంతు తగ్గించి. "మా నాన్న మాటని విలన్ చేసి అందరూ నవ్వుతుంటే నేనూ నవ్వాను. చచ్చినట్టు నవ్వాను. నువ్వొక్కసారి నవ్వలేవా?"

ఆ మాట కమలాకర్‌కు తగిలింది. తగల్లేదని ఎలా అంటాం? "గట్లనిపిస్తే ఆ దినమే చెప్పాలె. బంద్ చేస్తుంటి" అన్నాడు. "నువ్వు అడగకముందే బంద్ చేసిన. అమ్మ కోసం చేసిన. అది నీ కండ్ల ముంగటనే చేసిన శశీ."

విశాలాక్షి గారు కంచంతో వచ్చి ఇద్దరి మొహాలూ చూసింది. "ఏమైంది బాబూ? నా కోసం ఏం చేశావు?"

"ఏం లేదమ్మ" అన్నాడు కమలాకర్.

"అయితే కూర్చో. ముద్దపప్పు చేశాను."

"ఆకలి లేదమ్మ."

ఆ ఇంట్లో అతను ఆ మాట అనడం అదే మొదలు. అబద్ధం, పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు. గేటు వేసి రోడ్డు మీదికి వచ్చాక ఏడుపు తన్నుకొచ్చింది. ఫ్లైఓవర్ కింద జనం చూస్తున్నా ఆపుకోలేకపోయాడు. సినిమా పోయినందుకు కాదు. పోచయ్య అడిగిన దానికి జవాబు ఆ ఇంట్లో దొరికినందుకు. ఆడు మనోడా? అవును పెద్దాయనా, మనోడే అనుకున్నాను.

మళ్ళీ బంద్ వచ్చింది. ఎన్‌సీసీ గేటు, గ్యాసు, తాళం వేసిన మెస్సు. కమలాకర్‌ను టీవీ గదికి ఎవరూ పిలవలేదు. మెట్ల మీద చాలాసేపు తచ్చాడి తనే వెళ్ళాడు. డిస్కు ఆడుతోంది, చైనా మాటలతో, ఎవరూ నవ్వడం లేదు. గుమ్మం దగ్గర శశి కుర్చీ ఖాళీగా ఉంది. ఎవరూ దాన్లో కూర్చోలేదు. బిక్షం అతన్ని చూసి లేచి సౌండు తీసేశాడు. కాలితో బకెట్‌ను టీవీ పక్కకు నెట్టాడు.

"నాయిన రోజు ఫోన్ల అడుగుతుండు, రేవోళ్ళు గెలిశిండ్రా లేదా అని. కూసో" అన్నాడు.

కమలాకర్ కూర్చున్నాడు. ఆటకు ముందు సీను అది. సేటు కారు దిగి, నవ్వుతూ వచ్చి హీరో భుజం మీద చెయ్యి వేస్తాడు. ఏ మాట పెడతాడా అని గది మొత్తం చూస్తోంది. గోదావరి ముక్కు మాట కాదు, పటేలు మాటా కాదు, కమలాకర్ నోట వేరే గొంతు వచ్చింది. మెత్తటి గొంతు, ఆ గుమ్మం దగ్గర కుర్చీలోంచి అందరూ ఎన్నోసార్లు విన్న గొంతు.

"నేనున్నా కదరా, నువ్వు నిశ్చింతగా ఉండు."

గది పేలిపోయింది. బల్లలు చరిచారు. "అచ్చం శశిగాడే!" అని ఒకడు కిందపడి దొర్లాడు. బిక్షం కూడా నవ్వాడు, నవ్వి కమలాకర్ వీపు మీద ఒక్కటి చరిచాడు. ఆ దెబ్బతో పాత మాటలన్నీ మాఫీ అయినట్టే. కమలాకర్ ఒక్కడే నవ్వలేదు; మళ్ళీ వాళ్ళింటి మాటనే విలన్ చేశానని ఖాళీ కుర్చీ వైపు చూశాడు.

సేటు వంతు అయిపోయింది. తెర మీద హీరో లుంగీకి చేతులు తుడుచుకున్నాడు, తలెత్తి సేటు కళ్ళల్లోకి చూశాడు. పిల్లలంతా ఆ మాట కోసం లేచి నిలబడ్డారు.

"చెప్పురా" అన్నాడు బిక్షం.

హీరో పెదాలు కదులుతున్నాయి. కమలాకర్ నోరు తెరిచాడు. మాట రాలేదు.